మా నాన్నగారి పరపతి సంఘమూ, క్రెడిట్ అనే మాటా

క్రెడిట్ అనే ఇంగ్లీషు మాటను పుస్తకంలో చదవడానికి చాలా ఏళ్ల ముందే నేను దాని తెలుగు పేరు కింద పెరిగాను. మా నాన్నగారు కృష్ణా పశ్చిమ డెల్టాలో, కాలువ గట్టును ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో సహకార సంఘం గుమాస్తాగా పనిచేసేవారు. సంఘానికి సొంత భవనం లేదు. ఒక పెంకుటింటి వసారాలో రెండు బల్లలు, ఒక ఇనప్పెట్టె, గోడకు ఆనించిన ఎరువుల బస్తాలు, వసారా దూలానికి వేలాడదీసిన ఒక రేకు బోర్డు, అంతే దాని ఆస్తి. ఆ బోర్డు మీద ఊరి పేరు తరువాత ‘వ్యవసాయ సహకార పరపతి సంఘం, లిమిటెడ్’ అని నీలం అక్షరాలతో రాసి ఉండేది. అందులో ‘వ్యవసాయ’ నాకు అర్థమయ్యేది, ‘సహకార’ కొంత అర్థమయ్యేది, ‘పరపతి’ దగ్గర మాత్రం ఆగిపోయేవాణ్ణి. ఇంట్లోనూ వీధిలోనూ ఆ మాటకు ఉన్న వాడుక వేరు. ‘ఆయనకు తాలూకా ఆఫీసులో పరపతి ఉంది’ అని పెద్దవాళ్లు చెప్పుకుంటుంటే వినడమే తప్ప, అప్పుకూ ఆ మాటకూ సంబంధం ఉన్నట్టు తోచేది కాదు. పరపతి అంటే పలుకుబడి అయినప్పుడు, మోకాళ్ల దాకా బురదతో వచ్చి, వసారా మెట్టు మీద కూర్చుని, రెండు బస్తాల యూరియా కోసం కాగితం మీద వేలిముద్ర వేసే మనుషుల సంఘానికి ఆ పేరెందుకు పెట్టారన్నది నా సందేహం.

నాన్నగారిని అడిగితే, ‘పరపతి అంటే అప్పు కాదురా, అప్పు పుట్టే యోగ్యత’ అన్నారు. అప్పు పుట్టడం అనే మాట మా ప్రాంతంలో ఇప్పటికీ ఉంది. ఫలానా వాడికి ఊళ్లో దమ్మిడీ అప్పు పుట్టదు అంటే, అతనికి ఆస్తి లేదని అర్థం కాదు, అతని మీద ఎవరికీ గురి లేదని అర్థం. పదెకరాల మాగాణి ఉన్నా అప్పు పుట్టని వాళ్లను, సెంటు భూమి లేకపోయినా అడిగిన చోటల్లా పుట్టించుకోగలిగిన వాళ్లను నేను అదే వసారాలో చూశాను. ఇంగ్లీషులోనూ ఆ ఒక్క మాటే అటు బాకీకీ ఇటు మంచిపేరుకూ పనికొస్తుందని తరువాత తెలిసినప్పుడు, ఆ బోర్డు రాయించినవారు తెలిసే రాయించారనిపించింది.

అప్పులు మంజూరు చేసే సమావేశం సాయంత్రం దీపాలు పెట్టాక జరిగేది. ప్రెసిడెంటుగారు, అయిదారుగురు పాలకవర్గ సభ్యులు, దరఖాస్తులు చదివి వినిపించడానికి నాన్నగారు. నాన్నగారితో కలిసి ఇంటికి వెళ్లాలనే సాకుతో నేను ఒక మూల కూర్చునేవాణ్ణి. దరఖాస్తులో రాసి ఉన్నది ఎకరాలు, సర్వే నంబర్లు, ఇద్దరు జామీనుదారుల పేర్లు. అక్కడ నడిచే చర్చకు మాత్రం ఆ కాగితంతో పెద్దగా పని ఉండేది కాదు. పోయిన దాళ్వాలో ధాన్యం అమ్మిన మర్నాడే వచ్చి కట్టాడా, లేక మూడుసార్లు కబురు పెడితే గానీ రాలేదా, అన్నదమ్ముల మధ్య పంపకాల తగాదా తేలిందా, కూతురి పెళ్లికి బయట ఎంత చేశాడు, పేకాట మానేశాడన్నది నిజమేనా, ఇవీ ప్రశ్నలు. జామీను సంతకం పెట్టిన వాళ్లెవరన్నది అన్నిటికన్నా ముఖ్యం. అప్పు అడిగే మనిషిని గురించి పదిమంది పది రకాలుగా చెప్పినా, అతని కోసం తన పొలాన్ని ఇరకాటంలో పెట్టడానికి సిద్ధపడ్డ మనిషి ఒకడున్నాడంటే అది వేరే సాక్ష్యం. పొగడ్తకు ఖర్చు లేదు, పూచీకి ఉంది.

బోర్డు చివర ఉన్న ‘లిమిటెడ్’ సంగతి చెప్పినవారు అప్పటికే పాలకవర్గంలో ముప్పై ఏళ్లుగా ఉన్న ఒక పెద్దాయన. తాము చేరిన కొత్తలో సంఘానిది అపరిమిత బాధ్యత అని, ఒక్కడు ఎగ్గొడితే సభ్యులందరి ఆస్తులూ ఆ బాకీకి జవాబు చెప్పవలసి వచ్చేదని, అందువల్ల ఒకరి నడవడి మీద ఒకరికి కన్ను ఉండేదని ఆయన చెప్పేవారు. ఈ పద్ధతి జర్మనీ నుంచి మద్రాసు మీదుగా మా కాలువ గట్టుకు వచ్చిందని నాకు బ్యాంకు ఉద్యోగంలో చేరి, సహకార శాస్త్రం పరీక్షకు చదువుకునేటప్పుడు గాని తెలియలేదు. మద్రాసు ప్రభుత్వం 1892లో ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారికి, రైతుకు వడ్డీ వ్యాపారి పట్టు తప్పించి అప్పు ఇప్పించే మార్గం చూడమని పని అప్పగించింది. ఆయన యూరపు దేశాల పద్ధతులు పరిశీలించి 1895లోనూ 1897లోనూ పెద్ద నివేదికలు సమర్పించాడు. వాటి సారాన్ని ఆయనే రెండు మాటల్లో చెప్పాడు: రైఫైజెన్‌ను వెతికి పట్టుకోండి అని. ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ జర్మనీలో చిన్న ఊళ్లకు మేయరు. 1846-47 నాటి కరువులో వేయర్‌బుష్ అనే ఊళ్లో జనానికి రొట్టె అందించే ఏర్పాటుతో మొదలుపెట్టి, 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో రైతుల అప్పుల సంఘం దాకా వచ్చాడు. ఆయన సూత్రాలలో ముఖ్యమైనది సంఘం పరిధి చిన్నదిగా ఉండాలన్నది, అంటే ఒకరినొకరు ఎరిగిన మనుషులే అందులో ఉండాలన్నది. పొలం తాకట్టు పెట్టగలిగిన వాడికి అప్పు ఎక్కడైనా పుడుతుంది, తాకట్టుకు ఏమీ లేని వాడికి ఇరుగుపొరుగుల ఎరుకే తాకట్టు కావాలని ఆయన ఆలోచన. 1904లో హిందూదేశానికి వచ్చిన సహకార పరపతి సంఘాల చట్టం, ఒకే ఊరి వాళ్లు పదిమంది చేరితే సంఘం పెట్టుకోవచ్చునని, పల్లె సంఘాలకు అపరిమిత బాధ్యత ఉండాలని చెప్పింది.

పుస్తకంలో ఇంత అందంగా ఉన్నది ఊళ్లో అంత అందంగా నడవలేదని కూడా చెప్పాలి. రిజర్వు బ్యాంకు 1951-52లో జరిపించిన గ్రామీణ పరపతి సర్వేలో, రైతు చేసే అప్పులో సహకార సంఘాల వాటా నూటికి మూడు రూపాయల పైచిలుకు మాత్రమేనని, వడ్డీ వ్యాపారుల వాటా దాదాపు డెబ్బయి రూపాయలని తేలింది. సహకారం విఫలమైంది, అయినా సహకారం విజయం సాధించి తీరాలి అన్న ప్రసిద్ధ వాక్యం 1954లో అచ్చయిన ఆ సర్వే నివేదికలోదే. ఆ సిఫార్సుల తరువాతనే సంఘాలు పెద్దవై, బాధ్యత పరిమితమై, మా బోర్డు చివరకు ‘లిమిటెడ్’ వచ్చింది. నా ఎరుకలో పరపతి సంఘం అప్పు కూడా పలుకుబడి ఉన్నవాడికి ముందు, లేనివాడికి తరువాత అందిన సందర్భాలు తక్కువేమీ కాదు. పరపతి అన్న మాటలోని రెండో అర్థం అలా మొదటి అర్థాన్ని మింగుతూ ఉండేది. నాన్నగారు ఇలాంటి రోజుల్లో ఇంటికి వచ్చి మాట్లాడకుండా భోజనం చేసేవారు.

ఇది బోర్డు ఉన్న అప్పు. బోర్డు లేని అప్పు ఊరంతా ఉండేది. మా అమ్మ పక్కింటి నుంచి చేబదులు తెచ్చిన సోలెడు బియ్యం తిరిగి ఇచ్చేటప్పుడు సోల మీద కొంచెం గోపురం నిలిచేటట్టు పోసి ఇచ్చేది. అది వడ్డీ కాదు, వడ్డీ అంటే ఇద్దరూ నొచ్చుకునేవారు. చేబదులుకు కాగితం ఉండదు, సాక్షి ఉండడు, గడువు ఉండదు, కానీ మరిచిపోవడం అనేది కూడా ఉండదు. అంతకు పై మెట్టు కిరాణా కొట్టు పద్దు. ఎర్ర అట్ట వేసిన పొడుగాటి పుస్తకంలో ఒక్కో ఇంటికి ఒక్కో పుట, కొట్టాయన రాసుకునేదే లెక్క, మన దగ్గర నకలు ఉండదు. అంటే ఆయన మనల్ని నమ్మడం ఎంతో, ఆయన రాతను మనం నమ్మడమూ అంతే. ఆ పై మెట్టు ప్రోనోటు. ‘ఈ రోజున నా కుటుంబ ఖర్చుల నిమిత్తం మీ వద్ద నేను రొక్కం తీసుకున్న రూపాయలు’ అని మొదలై, ‘మీరు గాని మీ అనుమతి పొందినవారు గాని కోరిన తక్షణం వడ్డీతో సహా చెల్లించగలవాణ్ణి’ అని ముగిసే ఆ వాక్యాలు, రెవెన్యూ స్టాంపు మీదుగా పెట్టే అడ్డ సంతకం, మూడేళ్లు దాటితే నోటు చెల్లదన్న భయం, ఆ లోగా ఎంతో కొంత కట్టించుకుని వెనక చెల్లు రాయించుకునే జాగ్రత్త, ఇవన్నీ మా పెద్దవాళ్లకు వంటబట్టిన విద్యలు. సోల నుంచి స్టాంపు దాకా మెట్లు ఎక్కుతున్న కొద్దీ కాగితం పెరుగుతుంది, ఎరుక తగ్గుతుంది. ఊరన్నాక ఉండవలసిన వాటిని లెక్క పెట్టిన సుమతీ శతకకారుడు వైద్యుడికన్నా, ఎడతెగక పారే ఏరుకన్నా ముందు అప్పిచ్చువాణ్ణి పెట్టడంలో నాకు ఎన్నడూ ఆశ్చర్యం కలగలేదు.

క్రెడిట్ అనే అసలు మాటతో నాకు ముఖాముఖి పరిచయం 1970ల మొదట్లో, గుంటూరులో కామర్స్ చదివేటప్పుడు జరిగింది. ఖాతా పుస్తకంలో ఎడమ పక్క డెబిట్, కుడి పక్క క్రెడిట్ అని బోర్డు మీద గీత గీసి చూపించిన మా లెక్చరరుగారు, వ్యక్తుల ఖాతాలకు వర్తించే సూత్రం ఒకటి వల్లె వేయించారు: పుచ్చుకున్నవాడికి డెబిట్, ఇచ్చినవాడికి క్రెడిట్. అందరం వల్లె వేశాం గానీ, ఒక చిక్కు అందరినీ బాధించేది. మన పుస్తకంలో రొక్కం వస్తే డెబిట్ రాస్తాం, బ్యాంకు పాసు పుస్తకంలో మాత్రం మనం కట్టిన సొమ్ము క్రెడిట్ కింద కనిపిస్తుంది, ఇదేమి తిరకాసు అని. లెక్చరరుగారు దానికి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ ఆయన గొంతుతోనే వినిపిస్తుంది. ‘పాసు పుస్తకం నీది కాదు నాయనా, బ్యాంకు ఖాతాలో నీ పుటకు నకలు. అక్కడ ఇచ్చినవాడివి నువ్వు, పుచ్చుకున్నది బ్యాంకు. నువ్వు వాళ్లను నమ్మావు, ఆ సంగతి వాళ్లు రాసుకున్నారు.’ తెలుగులో మనం ఈ క్రెడిట్‌ను ‘జమ’ అంటున్నాం. ఆ మాట అరబ్బీ నుంచి వచ్చింది, పోగు చేయడం దాని అర్థం, నమ్మకంతో దానికి సంబంధం లేదు. ఒకే ఇంగ్లీషు మాట పాసు పుస్తకంలో జమగా, సంఘం బోర్డు మీద పరపతిగా, కిరాణా కొట్లో అరువుగా తెలుగులోకి వచ్చింది. ఈ మూడూ ఒకే మాటకు పేర్లని తెలుగులో ఆలోచించేవాడికి తట్టదు.

ఆ సూత్రం వెనక ఉన్న లాటిన్ క్రియను నేను మొదటిసారి విన్నది తరగతిలో కాదు, ఫిరంగిపురంలో. నా సహాధ్యాయి ఒకడు ఆ ఊరి కథోలిక కుటుంబం వాడు. బాలయేసు తిరునాళ్లకు రమ్మని పిలిస్తే వెళ్లాను. వాళ్ల తాతగారు ఒకప్పుడు ఉపదేశిగా పనిచేసినవారు. పూజ తెలుగులోకి మారక ముందు, అంటే రెండో వాటికన్ మహాసభకు ముందు, అంతా లాటిన్‌లోనే జరిగేదని, అర్థం తెలిసీ తెలియకా ఊరివాళ్లంతా గొంతు కలిపేవారని చెబుతూ ఆయన అరుగు మీద కూర్చుని ‘క్రేదో ఇన్ ఊనుం దేఉం’ అని రాగం తీశారు. ఏక దేవుణ్ణి విశ్వసిస్తున్నాను అని దాని అర్థమట. నా బుర్రలో అప్పుడు పరీక్షల వేడి మీద ఉన్న డెబిట్లు, క్రెడిట్లే తిరుగుతున్నాయి. ఆ క్రేదోకూ ఈ క్రెడిట్‌కూ ఏమైనా చుట్టరికం ఉందా అని అడిగాను. ఆయన నవ్వి, ‘ఉండే ఉంటుంది బాబూ, రెండింటిలోనూ చూడని దాన్ని నమ్మడమే కదా’ అన్నారు.

చుట్టరికం ఉంది. లాటిన్‌లో క్రేదెరె అంటే నమ్మడం, నమ్మి అప్పగించడం. క్రేదో అంటే నమ్ముతున్నాను. క్రేదితుమ్ అంటే నమ్మి అప్పగించినది, అంటే బాకీ. క్రేదితోర్ అంటే అలా నమ్మి ఇచ్చినవాడు, ఇంగ్లీషులో క్రెడిటర్. ఈ క్రేదితుమ్ ఇటాలియన్‌లో క్రెదితోగా, ఫ్రెంచిలో క్రెదీగా మారి, 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పటికే ఇటలీ వర్తకులు లెక్కలు రాయడంలో అందరికీ గురువులు. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పచోలీ అనే సన్యాసి, వెనిస్ వర్తకులు ప్రతి పద్దునూ రెండు చోట్ల రాసే పద్ధతిని వివరించాడు. డెబిట్ వచ్చింది దేబెరె అనే క్రియ నుంచి, ఇవ్వవలసి ఉండడం దాని అర్థం. ఇంగ్లీషులో బాకీకి వాడే డెట్ అనే మాట కూడా అందులోంచి పుట్టిందే. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దాని మధ్యలో ‘బి’ లేదు. తరువాతి పండితులు లాటిన్ మూలం కనబడాలని రాతలో దాన్ని ఇరికించారు, పలికేవాళ్లు ఇంతవరకూ దాన్ని పట్టించుకోలేదు.

ఈ కుటుంబంలోని మిగతా మాటలు చూస్తే ఒక ఇంటి పెళ్లిలో ఎక్కడెక్కడి బంధువులో కనిపించినట్టు ఉంటుంది. క్రైస్తవుల విశ్వాస ప్రమాణాన్ని క్రీడ్ అంటారు, అది క్రేదో నుంచి. నమ్మదగినది క్రెడిబుల్, చెప్పిందల్లా నమ్మేవాడు క్రెడ్యులస్. దుర్మార్గుణ్ణి మిస్‌క్రియంట్ అనడం మన పత్రికల్లో, పోలీసు ప్రకటనల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. అది మొదట ఫ్రెంచిలో తప్పు విశ్వాసం ఉన్నవాడు, అంటే అన్యమతస్థుడు అనే అర్థంలో పుట్టిన మాట. సర్కారు వాళ్లు మంజూరు చేసే గ్రాంటు కూడా ఈ ఇంటిదేనంటే మొదట నేను నమ్మలేదు. క్రేదెరె నుంచి పాత ఫ్రెంచిలో హామీ ఇవ్వడం అనే అర్థంలో ఏర్పడిన క్రియ, మొదటి ‘క’ను ‘గ’గా మార్చుకుని ఇంగ్లీషుకు చేరింది. ఇటాలియన్‌లో క్రెదెంజా అంటే నమ్మకం. ప్రభువుల భోజనంలో విషం లేదని నౌకరు ముందుగా రుచి చూసి చూపడాన్నీ అదే పేరుతో పిలిచారు, తరువాత ఆ వంటకాలు పెట్టే బల్లకూ అదే పేరు నిలిచిపోయింది.

అయితే నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నది లాటిన్‌కు అవతల ఉన్న సంగతి. బ్యాంకులో పనిచేసిన ఏళ్లలో నేను ఉన్న ఊళ్లలో ఒకచోట మా ఇంటి యజమాని రిటైరైన సంస్కృత ఉపాధ్యాయులు. ఒక సాయంత్రం మాటల్లో క్రేదో ప్రస్తావన వస్తే ఆయన వెంటనే, ‘అది మన శ్రద్ధేనయ్యా’ అన్నారు. సంస్కృతంలో తాలవ్య ‘శ’ ఉన్న చోట లాటిన్‌లో ‘క’ ఉండడం మామూలు. మన శతం వాళ్లకు కెంతుమ్, మన దశ వాళ్లకు దెకెమ్. అదే లెక్కన శ్రత్ అనేది క్రే అయింది, ‘పెట్టు’ అని అర్థమిచ్చే ధా ధాతువు లాటిన్‌లో ‘దో’ అయింది. శ్రత్-ధా, క్రే-దో. పాత ఐరిష్ భాషలోనూ ఇదే మాట కాస్త రూపం మార్చుకుని నమ్మడం అనే అర్థంలో ఉంది. విలియం జోన్స్ 1786లో కలకత్తాలో సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లు ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని చెప్పిన తరువాత, పండితులు ఆ మూలాన్ని తవ్వుకుంటూ పోతే దొరికిన వాటిలో ఇదొకటి. నమ్మడం అనే ఒక అమూర్తమైన భావానికి, ఇంత దూరపు భాషలలో, రెండు ముక్కలూ కలిసి ఇంత చక్కగా నిలవడం అరుదు.

ఈ శ్రత్ అంటే ఏమిటన్న దాని మీద తగాదా ఉంది. వేద పదాల పట్టిక అయిన నిఘంటువు దాన్ని సత్యానికి ఉన్న పేర్లలో చేర్చింది. యూరపు భాషావేత్తలు చాలామంది దాన్ని గుండెకు ఉన్న ప్రాచీన పదంతో, అంటే లాటిన్ కోర్‌తోనూ గ్రీకు కార్దియాతోనూ ముడిపెట్టి, శ్రద్ధ అంటే గుండె పెట్టడం అన్నారు. ఎమిల్ బెన్వెనిస్త్ అనే ఫ్రెంచి భాషావేత్త 1969లో వెలువరించిన తన గ్రంథంలో దీన్ని ఒప్పుకోలేదు. మనిషి దేవుడి మీద నమ్మకాన్ని పెట్టుబడిగా పెడతాడు, ఆ దేవుడు అనుగ్రహ రూపంలో దాన్ని తిరిగి ఇవ్వాలి, ఈ ఇచ్చిపుచ్చుకోవడమే ఆ మాటకు మొదటి అర్థమని, అప్పు అనే అర్థం తరువాత ఎవరో అతికించింది కాదని ఆయన వాదన. ఎవరి మాట నెగ్గుతుందో తేల్చేపాటి పాండిత్యం నాకు లేదు గానీ, ఋగ్వేదం పదో మండలంలోని శ్రద్ధాసూక్తం చదివినప్పుడల్లా నా మొగ్గు బెన్వెనిస్త్ వైపే ఉంటుంది. శ్రద్ధతో అగ్ని రగులుతుంది, శ్రద్ధతో హవిస్సు వేల్చబడుతుంది అని మొదలుపెట్టిన ఋషి, వెంటనే ‘ప్రియం శ్రద్ధే దదతః, ప్రియం శ్రద్ధే దిదాసతః’ అంటాడు. ఓ శ్రద్ధా, ఇచ్చేవాడికి ఇది ప్రియమగుగాక, ఇవ్వాలనుకునేవాడికి ప్రియమగుగాక. అక్కడ పుచ్చుకునేవాడి ప్రసక్తి లేదు. తైత్తిరీయ ఉపనిషత్తులో గురువు చదువు ముగించిన శిష్యుడికి ‘శ్రద్ధయా దేయమ్’ అని చెప్పేదీ ఇచ్చేవాడికే. మా లెక్చరరుగారి సూత్రం కూడా అదే కదా, ఇచ్చినవాడికి క్రెడిట్.

తెలుగులోకి వచ్చాక శ్రద్ధ కొంత బరువు తగ్గించుకుంది. ‘చదువు మీద శ్రద్ధ లేదు’, ‘ఆరోగ్యం విషయంలో అశ్రద్ధ చేయకు’ అంటాం, నమ్మకం అనే అర్థంలో వాడం. పితృదేవతలకు పెట్టే శ్రాద్ధంలో మాత్రం పాత అర్థం నిలిచి ఉంది. కానీ శ్రద్ధగా చదువు అనడానికి మనం ఇంట్లో అనే మాట ‘మనసు పెట్టి చదువు’ అని. సంస్కృతం ముక్కు మొహం ఎరుగని మా అమ్మ కూడా నాతో రోజూ అలాగే అనేది. శ్రద్ధను గుండె పెట్టడంగా విప్పిన యూరపు పండితులకు ఈ వాక్యం వినిపించి ఉంటే ముచ్చటపడి ఉండేవారు. ఇక నమ్ము అనే మన క్రియ ఆ గొడవలో లేనే లేదు. తమిళులు నంబు అంటారు, కన్నడిగులూ నంబు అంటారు, మలయాళంలోనూ అదే. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, దక్షిణాది భాషలది వేరే కుటుంబమని 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ ఎల్లిస్, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో నిరూపించడానికి వాడినవి ఇలాంటి సొంత ధాతువులనే. కాబట్టి తెలుగువాడు నమ్మేటప్పుడు దక్షిణాది వాడు, శ్రద్ధ పెట్టేటప్పుడు రోము దాకా చుట్టాలున్నవాడు.

ఉద్యోగంలో నేను క్రెడిట్ అనే మాటను రోజుకు ఎన్నిసార్లు పలికానో లెక్క లేదు. ఆంధ్రా బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డు తెచ్చినప్పుడు మా వాళ్లలో జరిగిన చర్చ గుర్తుంది. జామీను సంతకం లేకుండా, కొట్టాయనకు మనిషి ముఖం కూడా తెలియకుండా, ఒక ప్లాస్టిక్ ముక్క చూసి సరుకు ఇస్తారా అని చాలామంది ఆశ్చర్యపడ్డారు. కొట్టాయన నమ్మేది కార్డు పట్టుకున్నవాణ్ణి కాదు, దాని వెనక ఉన్న బ్యాంకును అని వివరించవలసి వచ్చేది. 1998లో కిసాన్ క్రెడిట్ కార్డులు వచ్చినప్పుడు రైతులు మధ్య మాటను తీసేసి ఊరికే కార్డు అన్నారు. తరువాత పొదుపు సంఘాల మహిళలు వచ్చారు. పదిహేను మంది వరుసగా కూర్చుని, ఒకరి వాయిదాకు ఒకరు పూచీ పడుతూ తీర్మానాల పుస్తకంలో సంతకాలు పెడుతుంటే, మేనేజరు కుర్చీలో ఉన్న నాకు మా ఊరి పెద్దాయన చెప్పిన అపరిమిత బాధ్యత గుర్తొచ్చేది. రైఫైజెన్ పేరు వాళ్లు విని ఉండరు. వాయిదా కట్టని సభ్యురాలి ఇంటికి మిగతావాళ్లు ఎలా వెళ్లాలో, ఏం మాట్లాడాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

ఇప్పటి పద్ధతి వేరు. 2000లో మన దేశంలో క్రెడిట్ సమాచార సంస్థ ఏర్పడింది, ఇప్పుడు అప్పు చేసిన ప్రతి మనిషి నడవడికీ 300 నుంచి 900 దాకా ఒక అంకె ఉంది. ఇందులో మంచి లేదనను. మా వసారా సమావేశాల్లో కులం, ముఠా, పాత కక్షలు ఎవరి దరఖాస్తును ఎలా పక్కకు నెట్టేవో చూసినవాణ్ణి గనుక, ముఖం చూడని అంకెలో ఒక న్యాయం ఉందని ఒప్పుకుంటాను. మా బంధువుల కుర్రవాడు ఒకడు, హైదరాబాదులో మంచి ఉద్యోగం, జీవితంలో ఒక్క రూపాయి అప్పు చేయనివాడు, ఇంటి రుణానికి వెళితే ఒక బ్యాంకు వారు మీకు క్రెడిట్ చరిత్ర లేదని వెనక్కి పంపారు. ముందు ఒక కార్డు తీసుకుని కొన్నాళ్లు వాడి రమ్మని సలహా కూడా ఇచ్చారు. అప్పు లేనివాడు అధిక సంపన్నుడు అని మనం చెప్పుకుంటూ వచ్చిన సామెతకు ఆ బల్ల దగ్గర విలువ లేదు. నాకు తోచింది ఏమిటంటే, ఆ మాట ఇన్ని వేల ఏళ్లూ ఇచ్చేవాడి పనిని చెప్పింది, నమ్మాను అని. ఇప్పుడది పుచ్చుకునేవాడి ఒంటికి అంటించిన చీటీ అయింది. ‘నా క్రెడిట్ బాగుంది’ అంటున్నాడు కుర్రవాడు, అది ఇతరుల మనసులో ఉండేదన్న ఊహ కూడా లేకుండా. అమెరికాలో చదివే మనవరాలికైతే క్రెడిట్లంటే డిగ్రీకి కావలసిన యూనిట్లు, ఒక విశ్వవిద్యాలయం నుంచి మరొక విశ్వవిద్యాలయానికి మార్చుకోగలిగిన సరుకు.

మా ఊరి కిరాణా కొట్టును ఇప్పుడు పాత కొట్టాయన కొడుకు నడుపుతున్నాడు. పద్దులన్నీ ఫోనులోకి ఎక్కించాడు. నెలాఖరున బాకీ ఉన్నవాళ్లకు దానంతట అదే మెసేజీ వెళ్లే ఏర్పాటు పెట్టిన మొదటి నెలలోనే, ఇద్దరు పెద్దవాళ్లు వచ్చి, పైసాతో సహా కట్టేసి, ఆ తరువాత ఆ కొట్టు మెట్టు ఎక్కడం మానేశారట. అప్పటి నుంచి అరవై దాటినవాళ్లకు మెసేజీలు ఆపించాడు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు, కొట్టు పెంచడానికి రుణం కోసం బ్యాంకుకు వెళ్లానని, ఊరి మీద తనకు రావలసిన బాకీల జాబితా చూపిస్తే, సంతకాలు లేని బాకీని ఆస్తి కింద లెక్క వేయడం కుదరదన్నారని నాతో చెప్పాడు. ‘మీరు బ్యాంకులో చేసినవాళ్లు, మీరు చెప్పండి బాబాయ్, అది ఆస్తి కాదా?’ అని అడిగాడు. బ్యాంకు నియమం ప్రకారం కాదని చెప్పాను. ఈలోగా ఒకామె కిలో కందిపప్పు, అరకిలో చింతపండు తీసుకుని, రాసుకోమని చెప్పి వెళ్లిపోయింది. అతను రాసుకున్నాడు.